కేసు పుట్టక ముందు: అమెరికా సైన్యంలో నివారణ ఉద్యోగం

యూఎస్‌ఎస్ జార్జ్ వాషింగ్టన్ అనే విమానవాహక నౌక 2017 ఆగస్టులో వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్ షిప్‌యార్డుకు మరమ్మతు కోసం చేరింది. అణు ఇంధనం మార్చాలి, లోపలి వ్యవస్థల్లో చాలా భాగం విప్పి మళ్లీ బిగించాలి. నాలుగేళ్ల పని అనుకున్నారు. 2023 మే దాకా అవలేదు. ఆ కాలంలో కొత్తగా నౌకాదళంలో చేరి ఈ నౌకకు వచ్చిన కుర్రాళ్లలో చాలామంది మొదటి పోస్టింగు మొత్తం సముద్రం చూడకుండానే గడిచిపోయింది. పెళ్లికాని చిన్న హోదా నావికులకు వేరే వసతి లేక, పని జరుగుతున్న నౌకలోనే పడకలు. పగలంతా గ్రైండింగ్ మోత, రాత్రి షిఫ్టు చేసి పడుకుంటే మళ్లీ అదే మోత. కరెంటు, వేడినీళ్లు, గాలి ఎప్పుడుంటాయో ఎప్పుడు పోతాయో తెలియదు. బయట ఉండేవాళ్లు కారు ఎక్కడో దూరంగా పెట్టి, షటిల్ బస్సు కోసం నిలబడి, డ్యూటీ మొదలుకాకముందే గంటల సమయం పోగొట్టుకునేవారు.

2022 ఏప్రిల్‌లో ఒకే వారంలో ఆ నౌకకు చెందిన ముగ్గురు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ మరణాలకు ఒకదానితో మరొకదానికి సంబంధం లేదని నౌకాదళం విచారణ తేల్చింది. నౌకలోని జీవన పరిస్థితుల మీద విడిగా ఇంకో విచారణ వేశారు. మరణాలు జరిగిన తరవాత రెండు వందల మందికి పైగా నావికులను నౌక నుంచి బయటి వసతికి మార్చారు. అంటే మార్చే వీలుంది. అంతకుముందు కూడా ఉండే ఉంటుంది. మార్చాలని గట్టిగా అడిగే బాధ్యత మాత్రం ఎవరి ఉద్యోగంలోనూ లేదు. మానసిక వైద్యుడు తన దగ్గరికి వచ్చినవాణ్ని చూస్తాడు. మతగురువు తలుపు తట్టినవాడితో మాట్లాడతాడు. ఎవరూ ఎవరి తలుపూ తట్టకముందే, ఈ మోత, ఈ నిద్రలేమి, ఈ బస్సు కలిసి మనుషుల్ని ఎటు నెడుతున్నాయో చూసి పై అధికారి ముందు పెట్టేవాడు లేడు.

ఇలాంటి ఖాళీలను పూరించడానికి పుట్టినదే ఈ ఉద్యోగం. అమెరికా రక్షణశాఖ భాషలో దీని పేరు ‘ఇంటిగ్రేటెడ్ ప్రైమరీ ప్రివెన్షన్’. తెలుగులో సమగ్ర ప్రాథమిక నివారణ అనుకోవచ్చు. లైంగిక దాడి, వేధింపులు, ఫిర్యాదు చేసినవారి మీద కక్షసాధింపు, గృహహింస, పిల్లల మీద హింస, ఆత్మహత్య. వీటన్నిటినీ కలిపి హానికర ప్రవర్తనలు అంటారు. అవి జరిగాక స్పందించడానికి వేరే వ్యవస్థలు ఎప్పటినుంచో ఉన్నాయి. జరగకుండా చూడటం మాత్రమే పనిగా జీతం తీసుకునే సివిలియన్ ఉద్యోగులు సైనిక స్థావరాల్లో కనిపించడం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు.

దీని వెనుక ఒక పెద్ద గాయం ఉంది. టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో పనిచేస్తున్న వనెస్సా గియెన్ అనే ఇరవయ్యేళ్ల సైనికురాలు 2020 ఏప్రిల్ 22న తోటి సైనికుడి చేతిలో హత్యకు గురైంది. ఆమె ఏమైందో రెండు నెలల పాటు తెలియలేదు. అవశేషాలు జూన్ చివరిలో దొరికాయి. తను వేధింపులకు గురవుతున్నట్టు ఆమె ఇంట్లోవాళ్లకు ముందే చెప్పుకుంది. దేశమంతా ఆగ్రహం పొంగాక సైన్యం ఒక స్వతంత్ర సమీక్షా సంఘాన్ని వేసింది. 2020 డిసెంబరులో వచ్చిన దాని నివేదిక చదువుతుంటే ఒక లెక్క దగ్గర మనసు ఆగిపోతుంది. సంఘం ఇంటర్వ్యూ చేసిన మహిళా సైనికుల నుంచి నమ్మదగిన లైంగిక దాడి ఉదంతాలు 93 బయటపడితే, వాటిలో ఫిర్యాదు దాకా వెళ్లినవి 59. మిగతావి సంఘం అడిగేదాకా ఆ స్థావరం రికార్డుల్లో లేవు. లైంగిక దాడులకూ వేధింపులకూ అక్కడి వాతావరణమే చోటిచ్చిందని సంఘం తేల్చింది. 14 మంది అధికారులను తొలగించడమో సస్పెండ్ చేయడమో జరిగింది. సంఘం చేసిన సిఫార్సులు 70.

మరుసటి ఏడాది రక్షణమంత్రి లాయిడ్ ఆస్టిన్ మొత్తం సైన్యానికి వర్తించేలా లిన్ రోజెంతాల్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. 2021 జులైలో అది ఇచ్చిన 82 సిఫార్సుల్లో ఎక్కువ ప్రచారం వచ్చినది ప్రాసిక్యూషన్ గురించి. లైంగిక నేరాల కేసులు నడపాలా వద్దా అన్న నిర్ణయాన్ని కమాండర్ చేతిలోంచి తీసి స్వతంత్ర న్యాయవాదులకు ఇవ్వమన్నది అందులోదే. ఆ మార్పు 2023 డిసెంబరు చివర్లో అమల్లోకి వచ్చింది. పెద్దగా ఎవరూ మాట్లాడుకోని సిఫార్సు మరొకటుంది: నివారణకే పరిమితమైన ప్రత్యేక సిబ్బందిని నియమించమని. 2022 డిసెంబరులో వచ్చిన 6400.11 నంబరు ఆదేశం ఆ సిబ్బంది ఏం చదివి ఉండాలో, ఎవరికి జవాబుదారీగా ఉండాలో, కమాండర్లు వాళ్లతో ఎలా పనిచేయాలో రాసిపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా ఉన్న అమెరికా స్థావరాల్లో 2,000కు పైగా ఇలాంటి ఉద్యోగులు ఉండాలన్నది అప్పటి లక్ష్యం.

ఇక్కడ ‘సమగ్ర’ అన్న మాట అలంకారంగా తగిలించింది కాదు. అసలు పట్టు అంతా ఆ మాట మీదే ఉంది. అంతకుముందు ఆత్మహత్యల నివారణకు ఒక విభాగం, లైంగిక దాడులకు ఇంకోటి, గృహహింసకు మరోటి, మద్యానికి మరోటి. ఎవరి బడ్జెట్టు వారిది, ఎవరి పోస్టరు వారిది, ఎవరి ఏడాదికోసారి క్లాసు వారిది. ఇవన్నీ విడివిడి రోగాలన్నట్టు నడిచింది. విడివిడి కావని చెప్పే ఆధారం మాత్రం అమెరికా వైమానిక దళంలోనే ఎప్పుడో దొరికింది.

1990ల మొదట్లో వైమానిక దళంలో ఆత్మహత్యలు పెరిగాయి. 1996లో అప్పటి దళాధిపతి జనరల్ రొనాల్డ్ ఫోగెల్‌మన్ దీన్ని వైద్యుల సమస్యగా వదిలేయకుండా కమాండ్ సమస్యగా తీసుకున్నారు. మొత్తం 11 చర్యలు. సాయం అడగడం బలహీనత కాదని నాయకులే పదేపదే చెప్పడం, పై అధికారుల శిక్షణలో ఈ విషయం చేర్చడం, సేవలందించే విభాగాలన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం లాంటివి. వాటిలో ఒకటి చాలా చిన్నది, కానీ దగ్గరగా చూడాల్సినది. నేరారోపణ మీద దర్యాప్తు అధికారులు ఒక సైనికుణ్ని విచారిస్తారు. నాలుగైదు గంటల తరవాత ‘ఇక వెళ్లొచ్చు’ అంటారు. ఉద్యోగం పోతుందో, జైలో, ఇంట్లో ఏం చెప్పాలో తెలియని స్థితిలో అతను పార్కింగులో ఒంటరిగా కారెక్కుతాడు. ఆ గంట ఎంత ప్రమాదకరమో గుర్తించి నియమం మార్చారు: విచారణ అవగానే అతణ్ని ఊరికే పంపకూడదు, స్వయంగా అతని కమాండర్‌కో ఫస్ట్ సార్జెంట్‌కో అప్పగించాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, మందు అక్కర్లేదు. ఒక మనిషిని ఇంకో మనిషి చేతికి అప్పగించడం, అంతే.

ఫలితాల మీద 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. కార్యక్రమానికి ముందు ఏళ్లతో పోలిస్తే తరవాతి ఏళ్లలో ఆత్మహత్య ముప్పు 33 శాతం తగ్గింది. అంతటితో ఆగలేదు. హత్యలు 51 శాతం తగ్గాయి, తీవ్రమైన గృహహింస 54 శాతం తగ్గింది. ఆత్మహత్యలు ఆపడానికి చేసిన పని భార్యాబిడ్డల మీద పడే దెబ్బల్ని కూడా తగ్గించింది! స్వల్ప గృహహింస కేసులు మాత్రం పెరిగినట్టు కనిపించాయి. దానికి అర్థం చెప్పుకోవడం కష్టం కాదు. సాయం అడగడం తప్పు కాదన్న మాట ఊళ్లో పాకినప్పుడు, దెబ్బ పెద్దది కాకముందే ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఆ లెక్కలో పెరుగుదల చెడ్డ వార్త కాకపోవచ్చు.

ఎందుకిలా కలిసి తగ్గాయి? వేర్లు కలిసి ఉన్నాయి కాబట్టి. కుదురులేని బదిలీలు, ఒంటరితనం, అప్పులు, అతిగా తాగడం, అవమానించే సార్జెంట్, ‘నోరు మూసుకుని పడుండు’ అనే సంస్కృతి ఒకరిని తన మీద తాను చేయి చేసుకునే వైపు నెడితే, ఇంకొకరిని ఇంట్లో చేయి ఎత్తే వైపు నెడతాయి. వేధింపుల్ని నవ్వుతూ సాగనిచ్చే యూనిట్లలో లైంగిక దాడులు ఎక్కువని సైన్యం సొంత సర్వేలు పదేపదే చూపించాయి. అందుకే ఒకే ఉద్యోగి అన్నిటినీ కలిపి చూడాలన్న ఆలోచన.

ఈ ఉద్యోగి చేయకూడని పని ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లు మొదట పొరబడేది అక్కడే. నివారణ ఉద్యోగి బాధితుల కేసులు తీసుకోరు. కౌన్సెలింగ్ చేయరు. దాడి జరిగితే బాధితురాలి వెంట నిలబడే సమన్వయకర్తలు, సహాయకులు వేరే ఉంటారు. గృహహింసకు 1980ల నుంచీ ఫ్యామిలీ అడ్వొకసీ ప్రోగ్రాం ఉంది. ఈ గీత ఎందుకు గీశారంటే, రెండు పనులూ ఒకరికే అప్పగిస్తే ఏం జరుగుతుందో స్థావరాల్లో చాలా ఏళ్లు చూశారు. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. ఆస్పత్రికి వెళ్లాలి, బాధితురాలి పక్కన కూర్చోవాలి. మర్నాడు కోర్టు కాగితాలు. అలాంటి వారానికి అంతుండదు. వచ్చే ఏడాది దాడులు తగ్గాలంటే బ్యారక్స్‌లో, అంటే సైనికుల వసతి భవనాల్లో, ఏం మార్చాలి అన్న ప్రశ్న ఆ వారంలో ఎవరి బల్ల మీదికీ రాదు. ముంచుకొచ్చిన పని ముందు చూపున్న పనిని తినేయడం ఎవరి తప్పూ కాదు. విడదీయడం తప్ప దానికి మందు లేదు.

మరి రోజంతా ఏం చేస్తారు? ఆరువందల మంది ఉన్న ఒక బెటాలియన్‌ను ఊహించుకుందాం. సగానికి పైగా పాతికేళ్లు దాటనివాళ్లు. నివారణ ఉద్యోగి చేతికి మొదట వచ్చేది యూనిట్ వాతావరణ సర్వే. దాన్ని ‘డియోక్స్’ అంటారు, ఏటా జరుగుతుంది, పేర్లు ఉండవు. నాయకుడి మీద నమ్మకం, తోటివాళ్లతో సఖ్యత, పని ఒత్తిడి, తాగుడు, వేధింపుల్ని చూసీచూడనట్టు వదిలేయడం, ఇలా ముప్పు పెంచేవీ కాపాడేవీ రెండూ అందులో కొలుస్తారు. ఒక్క సర్వేతో పని జరగదు. తాగి బండి నడిపిన కేసులు ఎన్ని, మిలిటరీ పోలీసులకు వచ్చిన ఫోన్లు ఏ రోజు ఏ వేళ, గృహహింస కేసుల మొత్తం సంఖ్య ఎంత, క్లినిక్‌లో మానసిక వైద్యుడి అపాయింటుమెంటుకు ఎన్ని వారాలు ఆగాలి, ఇవన్నీ పక్కపక్కన పెట్టాలి. పేర్లు అక్కర్లేదు, తెలియకపోవడమే మంచిది. కావలసింది చోటు, వేళ, పరిస్థితి.

అలా పెట్టి చూసినప్పుడు గొడవలన్నీ ఒక చోట ముద్దకట్టి కనిపిస్తాయనుకుందాం. జీతాలు పడిన వారాంతం, శుక్రవారం రాత్రి, రెండో బ్యారక్స్ మూడో అంతస్తు. అప్పుడు కంప్యూటర్ కట్టేసి అక్కడికి నడిచి వెళ్లాలి. బ్యారక్స్ గుమ్మంలో ‘సీక్యూ’ బల్ల ఉంటుంది, రాత్రంతా ఇద్దరు సైనికులు కాపలా. ఆ ఇద్దరిలో ఒకడు తొమ్మిదో తరగతి తమ్ముడిలా ఉంటాడు, చేరి మూడు నెలలైంది. పై అంతస్తులో కేకలు వినిపిస్తే వెళ్లి తనకన్నా రెండు హోదాలు పైనున్నవాణ్ని ఆపగలడా? ఆపలేడు. మూడో అంతస్తు కారిడార్‌లో బల్బు వెలగదు. ఒక గది తాళం పాడై నెల అయింది, రిపేరుకు రాసిచ్చారు, రాలేదు. ఈ తాళం సంగతి కల్పన అనుకోనక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2023 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో సైనిక బ్యారక్స్‌లో బూజు, పొంగే మురుగు, పురుగులతో పాటు భద్రత లేని తలుపుల గురించి కూడా రాసింది.

ఇప్పుడు కమాండర్ ముందు పెట్టే కాగితంలో ‘లైంగిక దాడి తప్పు అని క్లాసు చెప్పండి’ అని ఉండదు. శుక్ర, శని రాత్రుల్లో సీక్యూలో అనుభవం ఉన్న సార్జెంట్ ఒకరు ఉండాలి, గంటకోసారి అంతస్తులన్నీ తిరగాలి. తాళాల రిపేరు జాబితా ప్రతి సోమవారం కమాండర్ బల్ల మీదికి రావాలి. కొత్తగా వచ్చిన ప్రతి సైనికుడికీ మొదటి 90 రోజులు తోడుండే ఒక పెద్దవాణ్ని పేరు పెట్టి అప్పగించాలి. స్క్వాడ్ నడిపే సార్జెంట్లకు ఒక్క నైపుణ్యం సాధన చేయించాలి: ‘విడాకుల కాగితాలు వచ్చాయి సార్’ అని ఒకడు చెప్పినప్పుడు ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు. ఆత్మహత్యల మీద రక్షణశాఖ వేసే వార్షిక నివేదికల్లో ఏటా పైకి కనిపించే ఒత్తిళ్లు ఇవే: తెగిపోయిన బంధాలు, క్రమశిక్షణ చర్యలు, కోర్టు చిక్కులు. వీటిలో ఏదీ స్క్వాడ్ సార్జెంట్‌కు తెలియకుండా జరగదు. డాక్టర్‌కు తెలిసేది ఆఖర్న.

ఏటా ఒకసారి హాల్లో రెండు వందల మందిని కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే పద్ధతి గురించి కూడా నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి. సైన్యానికి అది అలవాటు. హాజరు నూరు శాతం, పెట్టెలో టిక్కు. ఒక్కసారి వినిపించే ఉపన్యాసం జ్ఞానాన్ని కొన్నాళ్లు పెంచుతుందేమో గానీ ప్రవర్తనను మార్చదని నివారణ శాస్త్రంలో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మారాలంటే చిన్న గుంపులు, పదేపదే సాధన, వినేవాళ్ల వయసుకు తగిన మాట, చెప్పేవాడి మీద నమ్మకం కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, క్లాసు బయట బతుకు ఆ క్లాసుకు ఎదురు తిరగకూడదు. ‘సాయం అడగండి’ అని పొద్దున చెప్పి, సాయం అడిగినవాణ్ని సాయంత్రం ఎగతాళి చేసే యూనిట్‌లో ఎన్ని స్లైడ్లు వేసినా ఏం లాభం?

బ్రాండన్ చట్టం కథ దీనికి దగ్గరగా ఉంటుంది. బ్రాండన్ కాసెర్టా అనే యువ నావికుడు 2018లో ఆత్మహత్య చేసుకున్నాక అతని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడి సాధించిన చట్టం అది. ఏ కారణం చెప్పకపోయినా సరే, మానసిక వైద్య పరీక్ష కావాలని పై అధికారిని అడిగితే పంపి తీరాలి, గోప్యత కాపాడాలి. 2021 డిసెంబరులో చట్టమైంది, 2023 మేలో అమలు మొదలైంది. కాగితం మీద తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దగ్గరికి వెళ్లడానికి భయపడని వాతావరణం ప్రతి యూనిట్‌లోనూ ఉందా అన్నది చట్టం చూడలేదు, నివారణ ఉద్యోగి చూడాలి.

ఎక్కువ ముప్పు ఉన్న కొద్దిమందిని వెతికి పట్టుకుంటే చాలదా అని కమాండర్లు తరచూ అడుగుతారు. సహజమైన ప్రశ్నే. 1985లో జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడు గుండెజబ్బుల గురించి చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది: తక్కువ ముప్పు ఉన్న పెద్ద గుంపులోంచి వచ్చే కేసులు, ఎక్కువ ముప్పు ఉన్న చిన్న గుంపులోంచి వచ్చే కేసుల కన్నా ఎక్కువ కావచ్చు. ఎర్ర జాబితాలోని పదిమంది మీదే కన్ను వేస్తే, జాబితాలో లేని అయిదువందల తొంభై మందిలోంచి వచ్చే దెబ్బ ఎవరికీ కనిపించదు. అందుకే పదిమందికి వైద్యం, ఆరువందల మందికి నిద్ర, తాళం, మర్యాద. రెండూ కావాలి.

తుపాకుల విషయం దగ్గరికి వస్తే ఈ పని చాలా కష్టమైపోతుంది. 2023లో అమెరికా సైన్యంలో 523 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఏటా వీటిలో సగానికి చాలా పైగా తుపాకీతోనే, అందులోనూ ఎక్కువగా సొంత తుపాకీతో. తీవ్రమైన ఆత్మహత్య ఆలోచన చాలామందిలో కొద్ది సమయమే ఉండి వెళ్లిపోతుంది. ఆ కొద్ది సమయంలో ఆయుధం చేతికి అందకపోతే బతికి బయటపడేవాళ్లు ఎందరో. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక నియమం మార్చింది: వారాంతపు సెలవుకు ఇంటికెళ్లే సైనికులు సర్వీసు తుపాకీ వెంట తీసుకెళ్లకూడదని. తరవాత ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. తగ్గినవి ముఖ్యంగా వారాంతపు మరణాలే, పనిరోజుల్లో పెద్ద తేడా లేదు. ఇంత శుభ్రంగా కారణం కనిపించే ఉదాహరణలు ఈ రంగంలో అరుదు.

అమెరికాలో పరిస్థితి వేరు, సొంత తుపాకీ అక్కడ రాజ్యాంగ హక్కు. సైనికుల సొంత తుపాకుల వివరాలు రక్షణశాఖ సేకరించకుండా 2011 రక్షణ చట్టం అడ్డుకట్ట వేసింది. తరవాత రెండేళ్లకు, మనిషి ప్రమాదంలో ఉన్నాడని నమ్మే కారణం ఉంటే కమాండర్, వైద్యుడు అడగొచ్చని సడలించారు. ఆత్మహత్యల మీద వేసిన స్వతంత్ర సంఘం 2023 ఫిబ్రవరిలో 127 సిఫార్సులు ఇచ్చింది. స్థావరాల్లోని దుకాణాల్లో తుపాకీ కొంటే 7 రోజులు ఆగాలి, కొనేవారి కనీస వయసు 25 చేయాలి అన్నవి వాటిలో ఉన్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో మంత్రి ఆమోదించిన ప్రణాళికలో ఆ రెండూ లేవు. ఆధారం బలంగా ఉన్నచోటే అడుగు పడలేదని చెప్పక తప్పదు. స్థావరంలోని నివారణ ఉద్యోగి చేతిలో మిగిలేది ఉచితంగా పంచే తుపాకీ తాళాలు, ‘కొన్నాళ్లు నీ తుపాకీ నా దగ్గర ఉంచనా’ అని స్నేహితుణ్ని అడగడం ఎలాగో నేర్పే చిన్న శిక్షణలు. అవి చిన్నవే, అయినా వాటి మీద కొన్ని ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

సైనిక సమాజం అంటే యూనిఫాం వేసుకున్నవాళ్లే కాదు. 2002 వేసవిలో నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో ఆరువారాల వ్యవధిలో నలుగురు సైనికుల భార్యలు భర్తల చేతిలో హతమయ్యారు. రెండుమూడేళ్లకోసారి ఊరు మారే ఇంట్లో భార్యకు ఉద్యోగం నిలవదు. 2021 సర్వేలో సైనికుల జీవితభాగస్వాముల్లో నిరుద్యోగం 21 శాతం. సొంత సంపాదన లేదు, పుట్టింటివాళ్లు దూరం, ఇల్లు భర్త ఉద్యోగం మీద, వైద్యం భర్త ఉద్యోగం మీద. అతని మీద ఫిర్యాదు చేస్తే అతని ఉద్యోగం పోతుంది, దానితో తన కప్పు కూడా ఎగిరిపోతుంది. ఆమె మౌనానికి కారణం పిరికితనం కాదు, ఇంటి లెక్క. స్థావరంలో పిల్లల సంరక్షణ కేంద్రంలో సీటు దొరకడం, భార్యకు బదిలీతో పాటు పోని ఉద్యోగం దొరకడం గృహహింస నివారణ పనుల్లోకే వస్తాయి. ఈ మాట చెబితే మొదట్లో కమాండర్లు ఆశ్చర్యపోతారు. తరవాత ఇంటికెళ్లి ఆలోచిస్తారు, ఎందుకంటే వాళ్లూ అవే బదిలీల మీద బతికినవాళ్లే.

ఈ ఉద్యోగికి ఎవరి మీదా అధికారం లేదు. సివిలియన్. ఆదేశం ఇచ్చేది కమాండర్. కాబట్టి అసలు నైపుణ్యం గణాంకాల్లో కన్నా, కమాండర్‌కు అర్థమయ్యే భాషలో మాట్లాడటంలో ఉంటుంది. యుద్ధానికి వెళ్లగలిగిన మనుషులు ఎంతమంది, ఎంతమంది విచారణల్లో చిక్కుకున్నారు, ఎంతమంది ఆస్పత్రిలో ఉన్నారు అన్న ప్రశ్న ప్రతి కమాండర్‌నూ రాత్రుళ్లు మేలుకొలుపుతుంది. నివారణను ఆ ప్రశ్నకు జవాబుగా పెట్టగలిగినవాళ్ల మాట చెల్లుతుంది. దయ చూపండి అని అడిగేవాళ్ల మాట మర్యాదగా విని పక్కన పెడతారు. ఇది బాధ కలిగించే నిజం, కానీ పని జరగాలంటే తెలుసుకోవాల్సిన నిజం.

ఇక కొలత సంగతి. జరగని దాడిని ఎవరూ లెక్కపెట్టలేరు. 2021 సర్వేలో, ఆ ఏడాది కాలంలో అవాంఛిత లైంగిక చర్యకు గురయ్యామన్న మహిళా సైనికులు 8.4 శాతం. 2023లో అది 6.8 శాతానికి తగ్గింది. శాతం తగ్గినా మనుషుల లెక్కలో అది ఇంకా వేలల్లోనే ఉంది, 2018 నాటి 6.2 కన్నా ఎక్కువే. ఆ తగ్గుదలలో కొత్త సిబ్బంది వాటా ఎంతో విడదీసి చెప్పడం నిజాయితీ అనిపించుకోదు, అప్పటికి వాళ్ల నియామకాలే సగంలో ఉన్నాయి. అలాస్కాలోనూ అంతే. అక్కడి సైనికుల్లో 2021లో 17 మంది ఆత్మహత్య చేసుకుంటే 2022లో ఆ సంఖ్య 6కు పడింది. ఈలోగా కౌన్సెలర్లను పంపారు. ఫోర్ట్ వెయిన్‌రైట్‌లో ప్రతి సైనికుడూ ఒకసారి కౌన్సెలర్‌తో కూర్చునేలా ‘మిషన్ 100’ పెట్టారు. అందరూ వెళ్తారు కాబట్టి వెళ్లడంలో నామోషీ పోయింది. గడ్డకట్టే చలిలో ఆ చోటుకు నప్పని స్ట్రైకర్ అనే సాయుధ వాహనాల మరమ్మతుతో గడిచిపోయే రోజులకు బదులు, 2022 జూన్‌లో ఆర్కిటిక్ యుద్ధానికే ప్రత్యేకించిన కొత్త డివిజన్‌గా వాళ్లకు ఒక గుర్తింపు వచ్చింది. ఏ చర్య ఎంత పనిచేసిందో ఒక్క ఏడాది చిన్న సంఖ్యలు చెప్పలేవు. అయినా ఆ జాబితాలో వైద్యం ఒక్కటే లేదు, తన పనికి అర్థం దొరకడం కూడా ఉంది. అది గమనించదగ్గది.

కమాండర్ పదవీకాలం చాలా చోట్ల రెండేళ్లు. సర్వే చేసి, ప్రణాళిక రాసి, నిధులు తెచ్చి, సార్జెంట్లను నమ్మించేసరికే ఏడాదిన్నర. ఫలితం కనిపించే వేళకు కుర్చీలో కొత్త మనిషి. ఆయన ప్రాధాన్యాలు ఆయనవి. వైమానిక దళం కథలో ఇంకో అధ్యాయం దీన్నే చూపిస్తుంది. అదే కార్యక్రమం మీద 2010లో వచ్చిన తదుపరి అధ్యయనంలో ఆత్మహత్యల రేటు ఏళ్ల తరబడి తగ్గి నిలిచింది, ఒక్క 2004లో తప్ప. ఆ ఏడాది కార్యక్రమాన్ని మునుపటంత గట్టిగా అమలు చేయలేదని పరిశోధకులు చూశారు.

2025లో రక్షణశాఖ సివిలియన్ నియామకాలను స్తంభింపజేసింది. ఈ సిబ్బందిలో అత్యధికులు సివిలియన్లే. ఎవరైనా మానేసి వెళ్లిన చోట కుర్చీ ఖాళీగా ఉంటే ఆ వారం ఏమీ జరగదు, ఆ నెల కూడా ఏమీ జరగకపోవచ్చు. మూడో అంతస్తులో తాళం మళ్లీ పాడవుతుంది, రిపేరుకు రాసిచ్చిన కాగితం ఎక్కడుందో అడిగే మనిషి ఉండడు. శుక్రవారం రాత్రి సీక్యూ బల్ల దగ్గర మళ్లీ మూడు నెలల కుర్రాడు ఒక్కడే కూర్చుంటాడు.